అమ్మ బొమ్మకి ఎంగిలి దూది

మా చెల్లి అమ్మ మొహానికి ఉమ్మి రాసింది. నా ఇంట్లో, నా కళ్ళముందే.

అమ్మంటే, అమ్మ బొమ్మ. నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు. మిగిలిన రంగులతో ఒకసారి అమ్మని గీశాడు. ఆవిడకి ఫోటో అంటూ లేదు, ఉన్నది అదొక్కటే. ఇన్నేళ్ళూ వంటింటి గోడ మీద పొగా, నూనె జిడ్డూ తాగి పెనం అడుగులా నల్లబడింది. అమ్మ పోయేనాటికి చెల్లికి నడక కూడా సరిగ్గా రాదు. అంటే దానికి అమ్మ మొహమే తెలీదన్నమాట.

సబ్బునీళ్ళతో రుద్దేద్దామని నేను బకెట్టు తెచ్చాను. చెల్లి పని చేసేది మ్యూజియంలో, పాత బొమ్మలు బాగుచేయడం. వస్తూనే బకెట్టు లాక్కుంది.

"రంగు కూడా ఊడొస్తే ఇంకెవర్ని చూస్తాం అన్నయ్యా?"

పుల్లకి దూది చుట్టి నోట్లో పెట్టుకుని తడిపింది.

"ఛీ, అమ్మకి ఎంగిలేంటే?"

"మా దగ్గర రాజుల బొమ్మలకీ ఇదే వైద్యం. రొట్టె నములుతుంటే తియ్యగా అవుతుంది కదా, ఉమ్మిలో ఉన్న సరుకు పనే అది. మురికిని కూడా మెల్లగా విడగొడుతుంది. గోరువెచ్చగా ఉంటుంది, రంగు జోలికి పోదు."

"మీ అన్నయ్యకి ఎక్కడానికి టైం పడుతుందమ్మా, బుర్రకీ జిడ్డే," అంది పొయ్యి దగ్గర్నుంచి మా ఆవిడ.

ముందు ఓ మూల వేలెడంత తుడిచి చూసింది. దూది నల్లబడింది, రంగు అంటలేదు. అప్పుడు గడ్డం, బుగ్గ. పెదవి దగ్గరికొచ్చేసరికి దూది చివర ఎర్రగా కనబడింది. "ఆగవే!" అన్నాను.

చెల్లి ఠక్కున చెయ్యి తీసేసి భూతద్దంతో చూసింది. "నాన్న ఇక్కడ వేసిన ఎరుపు గట్టిది కాదు. పెదవులు ఇలాగే మురిగ్గా ఉండనీ."

మిగిలినవి కళ్ళు. పుల్ల తర్వాత పుల్ల మారుస్తూ, తడిపి తుడుస్తూ పోయింది. అమ్మ మమ్మల్ని చూసింది.

చెల్లి బొమ్మకి ఇంకా దగ్గరగా జరిగింది. "నవ్వుతోందా, తిడుతోందా?"

"నిన్ను చూస్తే నవ్వేది. నన్ను చూస్తే తిట్టేది."

"ఇంకా?"

"బడికెళ్ళేముందు నా గడ్డం పట్టుకుని, వేలు ఉమ్మితో తడిపి మొహం తుడిచేది. ఛీ అని పారిపోయేవాణ్ణి."

"అప్పుడూ ఛీయేనా?"

నవ్వి పుల్ల కింద పెట్టింది. పొద్దున గోడ మీంచి బొమ్మ దించినప్పుడు అంటిన మసి నా బుగ్గకి అలాగే ఉందిట. నా గడ్డం పట్టుకుని బొటనవేలు తడుపుకుంది.

"ఇలాగేనా?"

"ముందు 'కదలకు' అనాలి."

"కదలకు," అంది.

నేను కదల్లేదు.