చిత్రిణి కోసం ఉపవాసం

స్వర్ణకుమారి కాళ్లు కుట్టుమిషను మీదే ఉండేవి గానీ, మనసు మాత్రం గురువారం వచ్చిందంటే ముళ్లకోటకు పోయేది.

ముళ్లకోట అనకాపల్లి చుట్టుపక్కల ఎక్కడా లేదు. వారపత్రిక సీరియల్లో ఉంది. దాని రాజు అసితవర్మ. చూస్తే చూడబుద్ధేసే మొహం, తలమీద మాయదారి శాపం. అతను ప్రేమించి చెయ్యి పట్టుకున్న పిల్ల ఆ క్షణమే దీపమైపోతుంది. అలా పెళ్లాడబోయి, కోట మండపంలో ఇప్పటికి ఆరుగురిని వెలిగించాడు. ఏడో పిల్ల చిత్రిణి. ఆరు దీపాలనూ కళ్లారా చూసి కూడా అతని మీదే మనసు పడింది.

ఆరో దీపం వెలిగిన వారం స్వర్ణకుమారి ఎవరిదో జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టేసింది. చిత్రిణిని బుద్ధిలేనిదని తిట్టుకునేది. తీరా అసితవర్మ గుమ్మంలోకి వచ్చేసరికి ఆమెకే గుండె దడదడలాడేది. చెడ్డవాణ్ణి అంత అందంగా రాయడం న్యాయం కాదని సంపాదకుడికి రెండు ఉత్తరాలు రాసింది. ఒక్కటీ అచ్చు కాలేదు. భర్త హనోకు ఆర్టీసీ కండక్టరు. గురువారం డ్యూటీ దిగి వస్తూ బస్సు కాంప్లెక్సులో పత్రిక కొని, "మీ రాజుగారు వచ్చేరు, సూసుకో" అని మిషను మీద పడేసేవాడు.

ఆమె దాన్ని వెంటనే జాకెట్టు ముక్కల కింద దాచేది. కారణం దేముడమ్మగారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్, చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. శాపాలూ మంత్రాలూ చదివేవాళ్లు పిల్లలకు వాక్యం చెప్పకూడదని ఆవిడ పెట్టిన రూలు. ఆరు నెలల కిందట సోనీ టీచరు సంచిలో ఇదే పత్రిక దొరికితే, సండేస్కూలు మానిపించేసింది. స్వర్ణకుమారికి పిల్లల్లేరు. ఆదివారం సండేస్కూల్లో ఆమె చుట్టూ చేరే ఇరవై ఇద్దరే ఆమె పిల్లలు. ఆ క్లాసు పోతే బతకలేననుకునేది. పత్రిక మాత్రం మానలేకపోయింది.

ప్రతి బుధవారం స్త్రీల కూడికలో ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి చేతులు మారుతుంది. అందరూ తమ ప్రార్థన మనవి చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. మోకాళ్ల నొప్పులు, కొడుకు పరీక్షలు, కోడలి నోరు, మామూలుగా ఇవే. ఆ బుధవారం స్వర్ణకుమారి తలలో ఇవేవీ లేవు. కిందటి సంచికలో చిత్రిణి అసితవర్మ వైపు చెయ్యి చాచింది, అక్కడ సశేషమన్నారు. రేపు గురువారం. డబ్బా ఆమె దాకా వచ్చేసరికి, మనసులో ఉన్నది కాస్తా చేతిలోకి దిగిపోయింది.

దేముడమ్మగారు చీటీ పైకి చదివింది. "నాకు బాగా తెలిసిన పిల్ల. ప్రమాదమని తెలిసీ ఒకతన్ని ప్రేమించింది. అతని చెయ్యి పట్టుకుంటే బతకదు. ఆ పిల్లని కాపాడమని ప్రార్థించండి. స్వర్ణకుమారి."

కూడికలో కలకలం రేగింది. మొదటి ప్రశ్న దేముడమ్మగారే వేసింది. "ఏ ఊరమ్మా ఆ పిల్లది?"

"దూరవండి."

"రాజయ్యపేట కన్నా దూరమా?" అంది పక్కనున్న సుజి.

"ఇంకా దూరం."

"అతగాడేటి సేత్తాడు?"

"సొంత ఇల్లుందండి. పెద్దదే."

"ముందే పెళ్లి గానీ అయ్యిందా?" సుజి వదల్లేదు.

స్వర్ణకుమారికి అబద్ధం ఆడటం చేతకాదు. చాప వైపు చూస్తూ, "ఆరుసార్లు కుదిరిందండి. ఆ ఆరుగురూ ఇప్పుడు లేరు" అంది.

ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. పోలీసులకు చెబుదామని ఒకరు, ముందు పిల్ల తల్లికి చెప్పాలని మరొకరు. దేముడమ్మగారు మాత్రం చీటీని మడతలు పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. "శుక్రవారం ఉపవాస ప్రార్థన. పేరూ ఊరూ ఆ రోజు సెప్పుకుందాం" అని లేచిపోయింది.

గురువారం పత్రిక వచ్చింది. స్వర్ణకుమారి ఏడుస్తూనే చదివి, చీటీ సంగతి భర్తకు చెప్పింది. "నిజం సెప్పేయవే. క్లాసు పోతే పోయింది, వాళ్లని లేని మనిషి కోసం పస్తులుంచడం పాపం" అన్నాడు హనోకు. నిజమే అనిపించింది.

శుక్రవారం పదకొండింటికి ఇరవై ముగ్గురు ఆడవాళ్లు కాఫీ చుక్కైనా ముట్టకుండా చాపల మీద కూర్చున్నారు. షుగరున్న ఇద్దరు కూడా మజ్జిగతోనే సరిపెట్టుకున్నారు. స్వర్ణకుమారి సిగ్గుతో చచ్చిపోతూ లేచి నిలబడింది.

"కూర్చో. ముందు ప్రార్థన, తరవాతే మాట" అంది దేముడమ్మగారు.

అందరూ కళ్లు మూశారు. ఆవిడ మొదలుపెట్టింది. "తండ్రీ, ఆ బిడ్డ తెలిసే చెయ్యి చాచింది. ఆ చేతిని ఆపు. ఏడో దీపం వెలగనియ్యకు తండ్రీ."

ఆమెన్ అని చర్చి మారుమోగింది. ఏడు దీపాలంటే బైబిల్లో ప్రకటన గ్రంథంలోవని అందరూ అనుకున్నారు. స్వర్ణకుమారికి మాత్రం కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. దీపాల సంగతి తను ఒక్కరికి కూడా చెప్పలేదు. తలెత్తి చూస్తే దేముడమ్మగారు ఒక కన్ను మూసి, రెండో కంటితో తననే చూస్తోంది.

ప్రార్థన అయ్యాక ఆవిడ గొంతు సవరించుకుంది. "ఆ పిల్ల సంగతంతా నాకు తెలిసింది. ఇంకెవరూ స్వర్ణని అడగొద్దు."

తరవాత చర్చి వెనక బోరింగు దగ్గరికి స్వర్ణకుమారిని పిలిచింది. "నిన్న కాంప్లెక్సులో పుస్తకాలన్నీ అయిపోయేయంట. చెయ్యి పట్టుకుందా లేదా?"

"మీరు... సోనీ టీచర్ని మానిపించేరు గదండీ."

"ఆవిడ దగ్గర లాక్కున్న పుస్తకం పారేసే ముందు, లోపల ఏటుందో సూద్దామని తెరిచేను. అప్పటికి మూడో దీపం." ఆవిడ బోరింగు పిడి వైపు చూస్తూ అంది. "రేపు సోనీ ఇంటికెళ్లి క్షమాపణ అడిగి, క్లాసు తిరిగిచ్చేత్తాను. నువ్వు ఆరుగురనగానే నాకు తెలిసిపోయింది."

"మరి తెలిసీ ఉపవాసం ఎందుకు పెట్టేరండి?"

"ఆ పిల్ల బతకాలి కదమ్మా."

స్వర్ణకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఆ కథల గురించి ఆమె ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. హనోకు తెచ్చిపెట్టేవాడే గానీ చదివేవాడు కాదు. "చెయ్యి ఇంకా బెత్తెడు దూరంలో ఉందండి. సాయంత్రం పుస్తకం తెచ్చిత్తాను" అంది.

మరుసటి బుధవారం డబ్బాలో పేరు లేని చీటీ ఒకటి వచ్చింది. అక్షరాలు బళ్లో నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి. దేముడమ్మగారే గంభీరంగా పైకి చదివింది.

"నాకు తెలిసిన కుర్రాడొకడు. మంచివాడే. శాపం అతనిది కాదు, తండ్రి నుంచి వచ్చింది. అతని కోసం కూడా ప్రార్థించండి."

"తండ్రి తాగుబోతు కాబోలు" అని సుజి నిట్టూర్చింది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది స్వర్ణకుమారి.