బొమ్మక్కగుట్ట సాక్షి

బయమ్మ అరవై ఏళ్ళలో ఆడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఆ రోజు బడి ముందర సర్కారు ఆఫీసరుకు చెప్పిన అబద్ధం ఒక ఎత్తు. చెప్పింది రెండే మాటలు. ఆ రెండు మాటలతో ఒక గుట్ట మొత్తం చేయి జారిపోయేంత పని జరిగింది.

గుట్ట పేరు బొమ్మక్కగుట్ట. కంబదూరుకు పడమరగా ఆరేడు మైళ్ళు పోతే వస్తుంది. సర్కారు కాగితాల్లో దాని పేరు పోరంబోకు. అంటే ఎవరిదీ కాదు కాబట్టి పలుకుబడి ఉన్నవాడు ఎవడైనా అడగొచ్చు. వరసగా మూడో ఏడూ వాన మొహం చాటేసి, శనక్కాయ చేలల్లో దుమ్ము తప్ప మరేమీ పైకి లేవని ఆ 2003లో కూడా, గుట్ట మీద బండల సందుల్లో ఇంత గడ్డి మిగిలింది. బయమ్మ నలభై గొర్రెలూ ఆ గడ్డి మీదే బతుకుతున్నాయి. అలాంటి గుట్టను నల్లరాయి కోసం తవ్వుకుంటానని ఎవరో కాంట్రాక్టరు అర్జీ పెట్టాడు. గుట్ట పోయిందంటే బయమ్మ గొర్రెల్ని సంతకు తోలేసి, బెంగుళూరులో కూతురు పక్కన ఇటుకలు మోయడానికి పోవాల్సిందే.

అడ్డుపడింది భారతి. కల్యాణదుర్గంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేసే పిల్ల. ఆరు నెలలు మోపెడ్ మీద ఊరూరా తిరిగి, మూడు వందల వేలిముద్రలు వేయించి అర్జీ పంపింది. గుట్ట మీద తోడేళ్ళున్నాయి, వాటిని కాపాడాలని చట్టమే చెబుతోంది, కాబట్టి గుట్టను ముట్టుకోకూడదు అని అందులో రాసింది. మిగతావన్నీ కష్టసుఖాలే. సర్కారు వినక తప్పని మాట అదొక్కటే.

విచారణకు ఆఫీసరు ఉదయం తొమ్మిదికి వస్తానని మధ్యాహ్నం మూడుకు వచ్చాడు. పేరు గంగాధర్. మనిషి చెడ్డవాడేమీ కాదు, కాకపోతే ఎండకు వాడిపోయి ఉన్నాడు. ఆరు గంటలు గొర్రెల్ని కట్టేసి కూర్చునే గొల్లలు ఎవరుంటారు? అందరూ మందలు తోలుకొనే వచ్చారు. బడి ముందు రెండు వందల గొర్రెలు, వాటి నడుమ ఒక కుర్చీ, కుర్చీలో ఆఫీసరు.

"ఈ గుట్టలో తోడేళ్ళు ఉన్నాయా?" అని ఆఫీసరు గట్టిగా అడిగాడు.

జనం గతుక్కుమన్నారు. అందరి చూపూ పెద్దదిక్కయిన బయమ్మ మీదికి తిరిగింది. బయమ్మ తన మందలో నిన్న మొన్న పుట్టిన పిల్లల్ని ఒకసారి చూసుకుంది.

"లేవు సారూ," అంది.

"లేవు సారూ, లేవు!" అని జనమంతా ఒక్క గొంతుతో అరిచారు. ఆఫీసరు రాసుకున్నాడు. కాంట్రాక్టరు తరఫున వచ్చిన రామాంజులు అనే ఏజెంటు, నమ్మలేక, పక్కవాణ్ణి గిల్లి చూశాడు.

అసలు సంగతేమిటంటే, ఆ ఊళ్ళో మంద దగ్గర తోడేలు పేరు ఎత్తరు. ఎత్తితే పిలిచినట్టే. పిలిచిన ఇంటికి అది రాక మానదు. 'ఆయప్ప' అంటారు, ఆడదయితే 'ఆయమ్మ' అంటారు. ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని ఎత్తుకుపోతే ఆయప్ప పాలు అనుకొని నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. అంతే తప్ప, రెండు వందల గొర్రెలు చెవులు రిక్కించుకొని వింటుండగా 'ఉండాది సారూ' అని ఏ గొల్లది అంటుంది?

సర్కారు వాళ్ళు పోయాక భారతికి ఏడుపొక్కటే తక్కువ.

"అవ్వా, ఏం చేసినావవ్వా! ఆర్నెల్లు తిరిగినా నేను. మూడు నూర్ల మంది ఉండాదని వేలిముద్ర వేసి, ఆయన అడిగితే లేదంటారా?"

"కాగితంలో నువ్వు రాసుకున్నావు పాపా, మేము నోటితో అంటిమా?"

"సరే, ఇప్పుడన్నా పోయి చెప్పు. వచ్చే బుధవారం గుట్ట చూసేకి మళ్ళా వస్తాడంట. చూసి సంతకం పెట్టేస్తాడు. చెవిలో చెప్పవ్వా, ఎవురికీ వినపడకుండా."

"చెవిలో చెప్తే దానికి మాత్రం చెవులు లేవా? పదహారు పిల్లలుండాయి దొడ్లో."

"అయితే గుట్ట పోనీ! గొర్రెలెందుకు, పిల్లలెందుకు, అన్నీ పోనీ!"

భారతి మోపెడ్‌ను నాలుగు తన్నులు తన్ని స్టార్టు చేసుకొని పోయింది. బయమ్మకు ఆ రాత్రి ముద్ద దిగలేదు. ఊరంతా తన నోటి వైపు చూసింది, తన నోటి నుంచే ఆ మాట వచ్చింది. ఇప్పుడు పోయి ఉందంటే, ముసలిదానికి ఎవరో నేర్పించారని రామాంజులు నవ్వుతాడు. లేదన్న మాటను తిప్పుకునే దారి లేదు, ఉందన్న మాటను ఎత్తే దారి లేదు. గుట్ట పోతే మాత్రం తప్పు తనదే. ఆ సంగతి బయమ్మకు బాగా తెలుసు.

సోమవారం నాడు రామాంజులు తానే వెతుక్కుంటూ బయమ్మ దొడ్డికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మొహం నిండా నవ్వు.

"బయక్కా! నిజం చెప్పి మా అన్నంలో నెయ్యి పోస్తివి. బుధవారం సారు వస్తాండాడు. గుట్ట కాడ సాయంత్రం చిన్న విందు పెట్టల్ల. నీడ యాడుండాదో చెప్పు. ఒక మంచి పొట్టేలు కూడా చూడక్కా."

బయమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె కడుపులో ఎక్కడో ఒక చిలిపి పురుగు కదిలింది.

"నీడా? అదేం భాగ్యం నాయనా. తూర్పు పక్క వంకలో కానగ చెట్లుండాయి. చల్లగా ఉంటాది. చెలమలో నీళ్ళు కూడా ఉండాయి."

చెలమ సంగతి నిజమే. వంక ఇసుకలో తవ్విన ఆ గుంతలో ఎండాకాలమంతా ఇన్ని నీళ్ళు ఊరతాయి. బయమ్మ చెప్పని ముక్క ఇంకొకటుంది. చెలమకు కూతవేటు దూరంలో, బండ కింద బొరియలో, ఆయమ్మ ఈనింది. రోజూ పొద్దు వాలే వేళకు అది ఆ దారినే దిగి వచ్చి నీళ్ళు తాగి వేటకు పోతుంది. బయమ్మ నెల రోజులుగా మందను ఆ పక్కకు తోలడం లేదు.

"పొట్టేలు ఎందుకప్పా, ముదురు మాంసం. సారోళ్ళ పండ్లకు కష్టం. లేతది ఇస్తా తీసుకో," అంటూ బయమ్మ దొడ్లోకి పోయి, తల్లి చన్ను వదలని మగపిల్లను పట్టుకొచ్చింది. మందలో అంతకు మించిన గొంతు మరొకదానికి లేదు. తల్లి కనబడకపోతే ఊరు లేచిపోయేలా అరుస్తుంది.

"తాడు కూడా నేనే ఇస్తాలే," అని బయమ్మ మూల నుంచి ఒక పాత తాడు తీసింది. దాంతో మేకను కట్టినా నమ్మకం లేదు. రామాంజులు చేతులు జోడించి దండం పెట్టాడు. పిల్ల ఎట్లాగూ కత్తికి పోయేదే, ఎవరి పళ్ళకయితేనేం అనుకుంది బయమ్మ. అయినా దాని తలను రెండుసార్లు నిమిరింది.

బుధవారం నాలుగు గంటలకు ఆఫీసరు వచ్చాడు. ఆయన వెంట రామాంజులు, రామాంజులు వెంట గొడుగు, గొడుగు వెంట బయమ్మా ఆమె మరిది తిమ్మన్నా. మందల్ని ఆ పూట ఊరి దొడ్లలోనే ఉంచారు. భారతి కూడా వచ్చింది, బయమ్మతో మాట్లాడకుండా దూరంగా నడిచింది.

"చూడండి సార్, వట్టి రాళ్ళు. కుందేలు కూడా బతకదు," అన్నాడు రామాంజులు. అతని కాళ్ళ సందునుంచి ఒక కుందేలు దూసుకుపోయింది. తిమ్మన్న దగ్గు ఆపుకోలేకపోయాడు.

ఆఫీసరు గబగబా చూసి దిగిపోదామనుకున్నాడు. బయమ్మ దిగనిస్తేనా? గుట్టకు పేరిచ్చిన బొమ్మక్క కూర్చున్న బండ చూడమంది. బొమ్మక్క లేచిపోయిన బండ చూడమంది. బొమ్మక్క మొగుడు ఏడ్చిన బండ దగ్గర కాస్త కూర్చోమంది. అలాంటి బండ ఒకటుందని తిమ్మన్నకు ఆ రోజే తెలిసింది. అందరూ వంకలోకి దిగేసరికి పొద్దు బాగా వాలింది.

కానగ చెట్ల కింద బల్ల, కుర్చీలు వేసి ఉన్నాయి. పొయ్యి మీద మసాలా వేగుతోంది. పదడుగుల అవతల చెట్టుకు గొర్రెపిల్ల కట్టేసి ఉంది. అయితే దాని నోట్లోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దున్నుంచి దాని అరుపు భరించలేక వంటమనిషి సీసాతో పాలు పట్టాడట. కడుపు నిండి నిద్రపోతోంది.

 ఆఫీసరు కుర్చీలో కూర్చుని కాగితాలు తీశాడు. రామాంజులు రెండు పెన్నుల్లో మంచిది చూసి అందించాడు. అంతా అయిపోతోంది. బయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గొంతు కిందినుంచి సన్నగా ఒక కూత తీసింది. అది తల్లిగొర్రె కూత. తల్లి చచ్చిన పిల్లల్ని మరో గొర్రెకు అలవాటు చేయడానికి గొల్లలు తీసే కూత.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆఫీసరు ఉలిక్కిపడి.

"గొంతులో దుమ్ము సారూ."

పిల్ల ఒక్క ఎగురు ఎగిరి లేచింది. అమ్మ ఎక్కడ అని మొదలుపెట్టింది చూడండి, వంక ఆ కొస నుంచి ఈ కొసకు మారుమోగిపోయింది. రామాంజులు చెవులు మూసుకున్నాడు. బయమ్మ బండ వైపు చూసింది. బండ మీద ఏమీ లేదు. మళ్ళీ చూసింది. ఈసారి రెండు చెవులు కనిపించాయి.

తర్వాత జరిగింది చెప్పడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. బూడిద రంగు ఒంటితో, సన్నటి కాళ్ళతో, ఎవరినీ లెక్కచేయని నడకతో ఆయమ్మ వంకలోకి దిగింది. బల్లను చూసింది, ఆఫీసరును చూసింది, రెండూ తనకు పనికిరావని తేల్చుకుంది. పిల్ల మెడ పట్టి ఒక్క గుంజు గుంజింది. బయమ్మ ఇచ్చిన తాడు బయమ్మ అనుకున్నట్టే తెగింది.

"తోడేలు! సార్, తోడేలు! అమ్మో తోడేలు!"

అరిచింది రామాంజులు. అప్పటికే బల్ల ఎక్కేశాడు. మసాలా గిన్నె తన్నేశాడు. ఆఫీసరు చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఎండకు వాడిన మొహం మొదటిసారి వికసించింది.

"ఏమిటది?" అని ఆయన బయమ్మను అడిగాడు.

బయమ్మ ఆకాశం చూసింది. తిమ్మన్న చెప్పులు చూసుకున్నాడు.

"మాకేం కనపడలేదు సారూ," అన్నాడు తిమ్మన్న.

"కనపడలేదా!" రామాంజులు బల్ల మీదినుంచే గొంతు చించుకున్నాడు. "అబద్ధం సార్! వీళ్ళంతా తోడుదొంగలు! నా కళ్ళతో చూసినా. ఇంత ఎత్తు తోడేలు! తోడేలు కాకపోతే నా పేరు రామాంజులే కాదు!"

"తండ్రి పేరు?" అన్నాడు ఆఫీసరు, పెన్ను మూత తీస్తూ.

భారతి ఎప్పుడు వచ్చిందో, తెల్ల కాగితాన్ని అట్ట మీద పెట్టి సిద్ధంగా అందించింది. కాంట్రాక్టరు ఏజెంటు రామాంజులు, బొమ్మక్కగుట్ట తూర్పు వంకలో తోడేలును స్వయంగా చూశానని, స్వయంగా చెప్పి, స్వయంగా సంతకం పెట్టాడు. తానేం సంతకం పెట్టాడో అతనికి అర్థమయ్యేసరికి ఆఫీసరు జీపు ఎక్కేశాడు.

ఎక్కేముందు ఆయన బయమ్మను పక్కకు పిలిచి, "ఆ రోజు లేవన్నావే?" అని మెల్లగా అడిగాడు.

"గొర్రెల నడుమ నిలబడి అడిగితిరి సారూ. అట్లా అడుగుతారా ఎవురన్నా?"

ఆఫీసరుకు ఎంత అర్థమైందో తెలియదు కానీ, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. జీపు పోయాక భారతి వచ్చి బయమ్మను వాటేసుకుంది. బయమ్మకు ఎందుకో ఏడుపొచ్చింది. గుట్ట మిగిలినందుకో, పిల్ల పోయినందుకో ఆమెకే తెలియలేదు.

రెండు నెలలకు కాంట్రాక్టరు అర్జీ కొట్టేశారని తెలిసింది. ఆ తర్వాత పది రోజులకు గుట్టకు పోయే దారి మొదట్లో ఒక రేకు బోర్డు వెలిసింది. దాని మీద బొమ్మ, బొమ్మ కింద జానెడు జానెడు అక్షరాల్లో 'తోడేళ్ళ సంరక్షణ ప్రాంతం'. భారతి మురిసిపోయి, ఒకరోజు ఉదయమే బోర్డు చూడటానికి వచ్చింది.

బోర్డు కనిపించలేదు. దాని మీద ఒక నల్ల కంబళి కప్పి ఉంది. పక్కన కర్ర పట్టుకొని బయమ్మ నిలబడి ఉంది.

"అవ్వా! ఎంత కష్టపడి తెచ్చుకున్న బోర్డవ్వా అది! ఎందుకు కప్పినావు?"

"మంద పోతాండాది కనపడలేదా? పేరు అంత పెద్దగా రాసి దారిలో పెడితే ఎట్లా పాపా?"

"గొర్రెలకు చదువొస్తాదా అవ్వా?"

"గొర్రెలకు రాదు," అంది బయమ్మ గుట్ట వైపు చూస్తూ. "ఆయమ్మకు వస్తాదో రాదో నీకేం తెలుసు? పిల్లల తల్లి. ముగ్గురు పిల్లలు. నిన్న చూసినా, బండ మీద ఆడుకుంటాండాయి."

చెప్పకూడని మాట చెప్పినట్టు నోరు మూసుకుంది. మంద మెల్లగా దాటుతోంది. అన్నిటికంటే వెనక, రెండు రోజుల పిల్ల ఒకటి తడబడుతూ వస్తోంది. అది కూడా మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా బయమ్మ కదలలేదు. అప్పుడు కంబళి లాగి, దులిపి, భుజాన వేసుకుంది.

"ఇప్పుడు చదువుకోపో నీ బోర్డు," అంది.