తినకూడని వడ్లు

ఆకలితో ఉన్నవాళ్ల ఇంటి కప్పుకేసి చూసి "వీళ్లకు తిండి ఉంది" అనే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. బూట్లకు బురద అంటకుండా ప్లాస్టిక్ సంచులు కట్టుకుని మా ఊరికి వచ్చాడు. పేరు చెప్పలేదు. వెంట వచ్చినవాళ్లు సాబ్ అన్నారు, మేమూ అదే అన్నాం.

మాది ఆవపల్లి దాటాక వాగు అవతల ఉన్న చిన్న ఊరు. ఈసారి ఆషాఢం వానలకు వాగు పొంగి ఊళ్లోకి వచ్చేసింది. మట్టి గోడలు కరిగిపోయాయి. అప్పుడే మొలిచిన వరి ఇసుక కింద పడింది. ఇళ్లలో దాచుకున్న వడ్లు, ఇప్పపువ్వు, ఉప్పు, అన్నీ కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక అడవికి పోయి వెదురు కొమ్ములు తెచ్చి ఉడకబెట్టుకున్నాం. పూటపూటా ఉప్పు లేకుండా వెదురు కొమ్ములు తిని చూడండి, మా కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది.

మా మాసే వదిన ఇంట్లో మాత్రం పైకప్పు నిలిచింది. పొయ్యి మీద, పొగ తగిలేచోట, దూలానికి గడ్డిలో చుట్టి తాడుతో కట్టిన మూట ఒకటి వేలాడుతూనే ఉంది. అవి విత్తనాల వడ్లు. ఎండాకాలం విత్తనాల పండుగ నాడు ఇంటింటి నుంచీ వడ్లు తెచ్చి ఒకచోట కలిపి, దేవుడికి చూపించి పంచుకుంటాం. కొన్ని మాత్రం ఎవరికీ పంచకుండా మూటగట్టి ఒక ఇంట్లో పెడతాం. మొదట చల్లినవి పాడైతే ఆ మూట విప్పి మళ్లీ చల్లాలి. ఈ ఏడు మూట కాపాడే వంతు వదినది. పాలు చాలక చంటిది గుక్కపట్టి ఏడుస్తున్నా వదిన ఆ మూట మీద చెయ్యి వేయలేదు.

పొలంలో నీళ్లు ఇంకిపోయి ఇసుక ఎత్తిపోశాక విత్తనం చల్లుదామని ఆయతు తాత అన్నాడు. ఊరి దేవుడి పనులు చూసేది ఆయనే. అందాకా ప్రాణాలు నిలబెట్టుకోవడానికి బియ్యం కావాలి. మేము అడిగింది అంతే.

వాగు తగ్గాక సర్కారు బియ్యం లారీ వచ్చింది, దాని వెనక సాబ్ జీపు వచ్చింది. సాబ్ ఒక్కో ఇల్లూ తొంగిచూస్తూ వదిన ఇంటి దగ్గర ఆగాడు. మూట వైపు వేలు చూపించి "అనాజ్ హై నా" అన్నాడు, ధాన్యం ఉంది కదా అని.

"గవి తినే వడ్లు కావు సాబ్," అంది వదిన. "ఇత్తనాలు. నాయి గూడ కావు, ఊరందరియి."

సాబ్‌కు తెలుగు బాగానే తెలుసు. నవ్వాడు. "ఊరందరివి అంటున్నావు కదా, అయితే ఊరందరికీ తిండి ఉన్నట్టే. రాహత్ బియ్యం ఏమీ లేనివాళ్లకు. ముందు ఇవి తినండి, అయిపోయాక చూద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. వదిన నా చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగలేదు.

"చలి పెడితే నువ్వు కూసునే కుర్చీ ఇరగ్గొట్టి మంటేసుకుంటవా సాబ్?" అని అడిగాను.

సాబ్ నా వైపు చూడనే లేదు. లారీ తిప్పమని చెప్పి జీపు వైపు నడిచాడు. లారీ డ్రైవర్ రాంబాబుది భద్రాచలం. అతను వదిన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, మేం రాకముందే ఆ మూట దాచిపెట్టరాదా?"

"దాచనీకి అదేమన్న దొంగసొమ్మా తమ్మీ?" అంది వదిన.

ఆ మాట అని, చంటిదాన్ని నా చేతుల్లో పెట్టింది. ఇంట్లోకి పోయి మూట దించి, కొడవలితో తాడు కోసి, వడ్లు గంపలో పోసింది. దంచడానికేమో అనుకున్నాను. వదిన రోలు వైపు పోలేదు, పొలం వైపు నడిచింది.

ఆయతు తాత అడ్డం వచ్చాడు. "నీళ్లు ఇంకలే మాసే. ఇప్పుడు జల్లితే మురుగుతయ్."

"ఎరుకే తాతా. నీళ్లు ఇంకేదాక పిల్లలు ఉంటరా?"

తాత పక్కకు తప్పుకున్నాడు. వదిన మోకాలి లోతు బురదలోకి దిగి చల్లడం మొదలుపెట్టింది. మిగతా ఆడవాళ్లు కూడా దిగి గంపలోంచి పిడికిళ్లు తీసుకున్నారు. చల్లేటప్పుడు పాటలు పాడటం మాకు అలవాటు. ఆ రోజు పాట లేకుండానే చల్లారు.

"తినే ధాన్యం బురదలో పారేస్తున్నారు, పాగల్ లోగ్," అన్నాడు సాబ్, జీపు పక్కన నిలబడి.

వదిన గట్టెక్కి, మూట చుట్టిన ఖాళీ గడ్డి తెచ్చి అతని ముందు దులిపింది. "ఇగో, ఇప్పుడేం లేదు. బియ్యం ఇయ్యి."

ఇచ్చాడు. ఏమీ లేనివాళ్లం అయ్యాం కదా, ఇక ఇవ్వొచ్చు. వదిన చేతిలో సంచి పెట్టి ఫోటో తీయించుకున్నాడు. చేతులు కడుక్కుని రమ్మంటే వదిన కడుక్కోలేదు. ఆ ఫోటో ఎక్కడ అచ్చయిందో గానీ అందులో మా బురద ఉంటుంది.

ఆ బియ్యం ఎన్నాళ్లు వస్తాయి? అవి అయిపోయేసరికి పొలంలో వడ్లు తాత చెప్పినట్టే మురిగిపోయాయి, వాసన కూడా వచ్చింది. ఏడాది తిండి బురదలో కలిపి పిడికెడు రోజుల బియ్యం తీసుకున్నాం. దీన్ని వాళ్లు సాయం అంటారు.

పొలం ఎగువన, గట్టు పక్కన, ఒక్క చాప పరిచినంత మేర వరి మొలిచింది. వదిన రోజూ పోయి చూసి వస్తుంది. పండితే ఆ వడ్లు కూడా తినేవి కావు, వచ్చే పండుగకు విత్తనం. దాని చుట్టూ ముళ్లకంచె వేశాం. పశువులకైతే నడుమెత్తు చాలు. మేం నిలువెత్తు కట్టాం, సాబ్ మళ్లీ వస్తే ఆ పచ్చదనం చూసి వీళ్లకు పంట ఉంది అనకుండా.