ఒక నంబరు పైది

కారుకు ఒక్క గీత కూడా పడలేదు. మావారు పోయిన రోజు దాన్ని ఇంటికి తోలుకొచ్చిన పోలీసు ఆ మాట రెండుసార్లు అన్నాడు, అది నాకేదో ఊరట కలిగిస్తుందన్నట్టు. కొండ ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర బండి దానంతటదే ఆగిపోయింది. ఆయన దిగి, రోడ్డు వైపు నిలబడి బానెట్ రేకు ఎత్తి, లోపలికి వంగి చూస్తున్నారు. మలుపు తిరిగి దిగుతున్న లారీ ఆయన్ను చూడలేదు.

"ఇంజను చల్లారాక తాళం తిప్పితే ఒక్క దెబ్బకే అందుకుందమ్మా. కాస్త దగ్గింది, అంతే," అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు పోలీసు.

బండి ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు. "నలభై ఏళ్ళ బండి వదినా. ఆగక ఏం చేస్తుంది," అన్నాడు మా మరిది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఆ ఏడాది మొత్తంలో ఆ బండికి కొత్తగా వేసినవి నాలుగు స్పార్క్ ప్లగ్గులు మాత్రమే. అవి కొన్నది నేను.

నాలుగు నెలలు షెడ్డు తలుపు తియ్యలేదు.

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి వచ్చింది. భుజాన సంచి, చేతిలో చిన్న అట్టపెట్టె. కొండకు అవతల ఊళ్ళో దానికి కొత్త ఉద్యోగం. సోమవారం చేరాలి. నాన్న కారు తీసుకెళ్తానని రెండు వారాల కిందటే ఫోనులో చెప్పింది. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. దాన్ని అది ఒప్పుకోలు కింద తీసుకుంది.

"ఆ దారినేనా వెళ్ళేది?" అన్నాను.

"ఇంకో దారి ఉంటే చెప్పు, అటే వెళ్తా."

"బస్సుంది కదా."

"బస్సెక్కితే ముసలాడు అలుగుతాడమ్మా."

ముసలాడంటే కారు. ఆయన పెట్టిన పేరు.

"నవ్వులాటకి అనడం లేదు. ఆ బండి ఎందుకాగిందో తెలీకుండా నిన్ను పంపను."

అది సంచి కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "నేనూ అది తెలుసుకోకుండా ఎక్కను. అందుకే ఇంత పొద్దున్నే వచ్చా. ప్లగ్గులు తీసి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నువ్వూ రా. నాన్న పనిచేసేటప్పుడు నోటుబుక్కు పట్టుకుని నువ్వే కూర్చునేదానివి."

షెడ్డు ఇంటి పక్కన పొడుగ్గా, ఇరుగ్గా ఉండే గది. పైన రేకులు, ఒక్క కిటికీ. గోడకు చెక్కపలక, దాని మీద పనిముట్లు. ఏ పానా ఎక్కడుండాలో తెలిసేలా ప్రతిదాని చుట్టూ ఆయన తెల్లరంగుతో గీత గీశారు. ఒక్క గీతలో మాత్రం పానా లేదు. ప్లగ్గులు విప్పేది. అది ఆ రోజు ఆయన వెంట వెళ్ళింది. అమ్మాయి కారు సీటు కింద చెయ్యి పెట్టి వెతికి పైకి తీసింది. పాతగుడ్డలో చుట్టి ఉంది, ఆయన చుట్టినట్టే.

"చల్లారాక విప్పుదామని ఆగాడన్నమాట," అంది మెల్లిగా.

నేను బల్ల దగ్గర కుర్చీ లాక్కుని నోటుబుక్కు తెరిచాను. ముసలాడి జాతకమంతా అందులో ఉంటుంది: నూనె ఎప్పుడు మార్చింది, బెల్టు ఎప్పుడు తెగింది. రాత అంతా నాది. ఆయన అక్షరాలు కోడి కెలికినట్టు ఉండేవి. "నీ చేత్తో రాస్తే ముసలాడు కూడా బుద్ధిగా నడుస్తాడు పంతులమ్మా," అని ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ముప్ఫై ఏళ్ళ బడి అలవాటు, కొట్టివేతలు లేకుండా రాసేదాన్ని. అందుకని ఆ పుస్తకంలో ప్రతి మాటా నాన్నదే అని మా అమ్మాయి నమ్మకం.

చివరి పేజీలో ఇలా ఉంది: 'ప్లగ్గులు నాలుగు. పాత కంపెనీవి దొరకలేదు. వేరే కంపెనీ, తొమ్మిది. ఒక నంబరు పైది. కొండ దారికి.'

అప్పటికి ఆయనకు కంటి ఆపరేషనై వారం. రెండు కళ్ళకూ కట్టు. పడుకుని కూడా ఇంజను గురించే ఆలోచన. "కొండెక్కితే ముసలాడు వేడెక్కిపోతున్నాడు. ఎప్పుడూ వేసే ఐదు కాకుండా ఈసారి ఒక నంబరు పైది తీసుకురా. నంబరు పెరిగితే ప్లగ్గు చల్లనిది," అన్నారు. చల్లనిదంటే తన వేడిని గబగబా ఇంజను ఒంటికి వదిలేసేదట. వేడిదైతే ఆ వేడిని తన ముక్కు మీదే ఉంచుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కు నిప్పుకణికలా అయిపోతే, మంట రావాల్సిన సమయం కన్నా ముందే లోపల పెట్రోలు అంటుకుంటుంది. అప్పుడు ఇంజను తనను తానే కొట్టుకుంటుంది. ఇదంతా ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పారు. విడిభాగాలు కొనడానికి మాత్రం అదే మొదటిసారి నేను వెళ్ళడం.

కొట్టతను నా పాత శిష్యుడి తండ్రి. "ఆ కంపెనీవి రావడం లేదు టీచరుగారూ. ఇవిగో, ఇవీ మంచివే. మీ ఐదుకి ఇందులో ఎనిమిది సమానం," అని జాబితా చూసి చెప్పాడు. "ఎనిమిదీ ఉన్నాయి, తొమ్మిదీ ఉన్నాయి. ఏదిమ్మంటారు?"

"ఒక నంబరు పైది కావాలి. తొమ్మిది ఇవ్వండి."

"తొమ్మిదేనా? సారుని ఓసారి అడుగుతారా?"

"ఎనిమిది తరవాత వచ్చేది తొమ్మిదే కదా," అన్నాను. అతను నవ్వాడు. "లెక్కల టీచరుతో నాకెందుకమ్మా," అని నాలుగింటినీ విడిగా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆయన మంచం మీద కూర్చుని వాటిని వేళ్ళతో తడిమి చూశారు. "ఒక నంబరు పైదేగా?" అన్నారు. అవునన్నాను. షెడ్డులోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, కట్టుతోనే, చేతి లెక్కన బిగించారు. కట్టు విప్పిన పది రోజులకు కొండెక్కారు.

"ఒకటోది," అంది అమ్మాయి.

నాలుగు రంధ్రాలున్న చెక్కముక్క బల్ల మీద పెట్టింది. ఏ ప్లగ్గు ఇంజనులో ఏ గదిలోదో తారుమారు కాకుండా ఆయన చేసుకున్నది. ఒకటో ప్లగ్గును దాని రంధ్రంలో నిలబెట్టింది. కిటికీ వెలుతురులో దాని ముక్కు సున్నం పూసినట్టు ఉంది.

"డాక్టరు నాలుక చూసినట్టు చూడాలనేవాడు నాన్న. ఇటుక పొడి రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా మసి పడితే తిండెక్కువ. ఇలా తెల్లగా పాలిపోతే..."

"జ్వరం," అన్నాను.

"గుర్తుందే నీకు."

రెండోదీ తెలుపే. దాని మీద ఆవగింజల్లాంటి పొక్కులు. మూడోది విప్పుతున్నప్పుడు మరలు కీచుమన్నాయి. పొక్కులు ఇంకా పెద్దవి. నాలుగోది తీసి అమ్మాయి చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. చెక్కలో పెట్టకుండా నాకు అందించింది. కొసన వంగి ఉండాల్సిన సన్నటి కడ్డీ సగమే ఉంది. మిగతాది కరిగి, చల్లారి, చిన్న పూసలా గడ్డకట్టింది.

కరిగిన కొసను బొటనవేలితో తడిమాను.

"అయితే వేడే," అంది అది. "ఒక నంబరు పైది వేసినా సరిపోలేదు. తొమ్మిది ఈ దారికి చాల్లేదు. కారు షెడ్డులో పెట్టిన రోజే పుస్తకంలో తొమ్మిది అని చూశా, నేననుకున్నది నిజమే. అందుకే ఇదే కంపెనీవి పది నంబరువి తెప్పించా." అట్టపెట్టె నా ముందుకు తోసింది. "ఒక్కోటీ విప్పి ఇవ్వు. ప్లగ్గు కొసన సందు ఎంతుండాలో నేను చూసుకుంటా."

మొదటి డబ్బా విప్పాను. లోపల ప్లగ్గుతో పాటు చిన్న కాగితం, ఎనిమిది మడతలు. కాగితం కనిపిస్తే చదవకుండా వదలలేను. చీమ తలకాయంత అక్షరాలు. కళ్ళజోడు సర్దుకుని చదివాను. కాగితం అడుగున ఒక అడ్డగీత, దాని మీద రెండు నుంచి పదమూడు దాకా అంకెలు. రెండు పక్కన 'చల్లనిది' అని ఉంది. పదమూడు పక్కన 'వేడిది' అని ఉంది.

మళ్ళీ చదివాను. గీత మీద వేలు పెట్టి ఎనిమిది నుంచి తొమ్మిదికి జరిపాను. వేలు వేడి వైపు జరిగింది. చల్లదనం కావాలంటే ఏడు దగ్గరికి రావాలి. ఆయన అడిగింది ఏడు.

"ఇవ్వమ్మా," అంది అమ్మాయి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపి.

ప్లగ్గు దాని చేతిలో పెట్టాను. కాగితం నా గుప్పిట్లో ఉంది. ఇప్పుడు చెబుతా, ఈ ఒక్కటీ అయ్యాక చెబుతా అనుకుంటూనే రెండోదీ ఇచ్చాను, మూడోదీ ఇచ్చాను. అది ఒక్కోదాన్నీ ముందు వేళ్ళతో తిప్పి, ఆ తరవాతే పానా అందుకుంటోంది, వాళ్ళ నాన్నలాగే. నాలుగోది బిగించి, రబ్బరు టోపీలు తొడిగి, వెళ్ళి తాళం తిప్పింది.

ముసలాడు వెంటనే అందుకున్నాడు. దగ్గు లేదు. ఇంజను చప్పుడు గదంతా నిండింది, నున్నగా, ఒకే తీరుగా. మా అమ్మాయి నవ్వింది. నాలుగు నెలల తరవాత దాని నవ్వు చూడడం.

"విన్నావా? పెళ్ళికొడుకులా ఉన్నాడు. కాసేపు వేడెక్కనిచ్చి బయల్దేరతా. పదింటికల్లా కొండ మొదట్లో ఉంటా."

"బస్సుకెళ్ళు తల్లీ."

"మళ్ళీ మొదలెట్టావా? ఎందుకో చెప్పు."

"నాకు భయంగా ఉంది."

"నీ భయానికి నేనేం మందెయ్యను? కారణం తీశాం, మందేశాం. ఇంకేంటి?" డిక్కీ తెరిచి సంచి అందులో పెట్టింది. నీళ్ళ సీసా ముందు సీటులో పెట్టింది. ఎడమ తలుపు మూసింది. షెడ్డు పెద్ద తలుపు గడియ తీయడానికి నా పక్కనుంచి నడిచింది.

కాగితం దానికి అందించాను.

అది నిలబడి చదివింది. మొదట అర్థం కాలేదు. కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చదివింది. ఆ తరవాత వెళ్ళి తాళం ఆపింది. చప్పుడు తెగిపోయింది.

"దీన్లో అంకెలు ఎదురు నడుస్తాయి," అంది.

"అవును."

"పది వేసుకుని నేను కొండెక్కేదాన్ని."

అది పానా తీసుకుని ఇంజను మీదికి వంగింది. అంతలోనే ఆగింది. వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పకూడదు, మరలు అరిగిపోతాయి. ఆయన ఆ మాట మా ఇద్దరికీ నూరిపోశారు. గంటసేపైనా ఆగాలి.

తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. ఒకటి వినిపించాక మరోటి ఎప్పుడు వస్తుందో తెలియదు.

అది నోటుబుక్కు ఒళ్ళోకి తీసుకుని చివరి పేజీ చూసింది.

"నాన్న ఇంత పొరపాటు చేశాడా?" అంది. గొంతులో కోపం లేదు. పెద్దవాళ్ళ మీద జాలి పడేటప్పటి గొంతు అది. "ముప్ఫై ఏళ్ళు ఒకటే కంపెనీ వాడాడు. వేరేదాంట్లో అంకెలు ఎటు నడుస్తాయో చూసుకోలేదు. అంత జాగ్రత్త మనిషి."

ఏమీ అనకుండా ఉంటే సరిపోయేది. అదే ఆ పేజీ మూసి పక్కన పెట్టేది. నేను తలూపినా చాలు. మరిది మాటకు ఊపలేదా.

"ఆ పేజీ మీ నాన్న చెప్పగా రాసింది కాదు," అన్నాను.

అది తల ఎత్తింది.

"కొట్టుకి నేనెళ్ళాను. తొమ్మిది ఇమ్మని నేనడిగాను. ఇంటికొచ్చి నేనే రాసుకున్నాను."

ఇంజను రెండుసార్లు టిక్కుమంది.

"వేరే నంబర్లు కూడా ఉన్నాయా ఆ రోజు?"

"ఉన్నాయి."

"కొట్టతను ఏమైనా అన్నాడా?"

"సారుని ఓసారి అడగమన్నాడు."

"అడిగావా?"

"లేదు."

"నాన్న చూసుకోలేదా?"

"కళ్ళకి కట్టుంది. ఒక నంబరు పైదేగా అన్నారు. అవునన్నాను."

అది నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. కరిగిన ప్లగ్గు నా చేతిలోనే ఉంది. దాన్ని నా చేతిలోంచి తీసుకుని, చెక్కముక్కలో నాలుగో రంధ్రంలో నిలబెట్టింది. తరవాత లేచి ఇంజను దగ్గరికి వెళ్ళి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకా వేడిగానే ఉంది," అంది.

నా వైపు తిరగలేదు. చెయ్యి తియ్యలేదు.