టెస్ట్ కోసం కొట్టిన వాక్యం

"ఆఫీసులో డెమో అయిపోయాక చెప్పేయ్. మధ్యలో చెబితే బాగుండదు," అన్నాడు మా ఆయన.

నేను ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఆయన సాక్సుల్లో ఒకదానికి జత దొరకలేదు. దాన్ని చేతికి తొడుక్కుని చూస్తే మడమ దగ్గర పలచబడి, లోపలి వేళ్లు కనిపిస్తున్నాయి. "సరే" అన్నాను. అది నా నోట్లోంచే వచ్చింది గానీ, అన్నది నేనేనా అంటే చెప్పలేను. తలుపు తెరిస్తే ఫ్రిజ్‌లో దీపం వెలిగినట్టు, ఎవరైనా నావైపు తిరిగి మాట్లాడితే చాలు, నాలో ఒక సరే వెలుగుతుంది.

నేను ఉద్యోగం మానెయ్యాలన్నది అప్పటికే తేలిపోయింది. అత్తయ్యకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్. ఆ తర్వాత కొన్ని నెలలు లేవదీయడానికి, నడిపించడానికి, బాత్రూంకి తీసుకెళ్లడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఎవరన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వేయలేదు. జవాబు మాత్రం వచ్చేసింది. ఆడపడుచు ఫోన్ చేసి, నువ్వున్నావన్న ధైర్యంతోనే అమ్మ ఒప్పుకుంది వదినా అంది. మా ఆయన వారంలో సగం రోజులు ఇంట్లో కూర్చునే పని చేస్తాడు. ఆ సంగతి ఒకసారి ఎత్తాను. నా మీటింగులు వేరు, నీ పని వేరు అన్నాడు. కోపంగా కూడా కాదు, బయట మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా. అత్తయ్యే కాస్త మొహమాటపడింది. ఎవరినైనా మనిషిని పెట్టుకుందాంలేరా అంది. పరాయివాళ్ల చేత ఒళ్లు తుడిపించుకుంటావా అని కొడుకు అనేసరికి ఊరుకుంది. నాకు ఆవిడ మీద కోపం లేదు. ఎవరి మీదా లేదు. వింతగా ఉన్నది అదే. పళ్ల డాక్టరు సూది వేశాక పెదవిని తాకితే అది ఇంకెవరిదో అనిపిస్తుంది చూడండి, కొన్నాళ్లుగా నేను మొత్తం అలాగే ఉన్నాను.

నేను చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. అత్తయ్య అడిగితే ఓసారి, ఆవిడ కాళ్లకు నూనె రాస్తూ, విడమరిచి చెప్పాను. మాది రక్తపరీక్షలు చేసే సంస్థ. రోగుల వివరాలు ఎవరి కంటా పడకుండా అర్థం కాని అక్షరాలుగా మార్చి దాచాలి. ఇదివరకు ఒక్కో విభాగం తన తాళంచెవి తన యాప్‌లోనే పెట్టుకునేది, చెప్పుల స్టాండులో ఇంటి తాళంచెవి దాచి వెళ్లినట్టు. ఇప్పుడు నేను తాళంచెవులన్నిటినీ వాల్ట్ అనే ఒక్క చోటికి తెస్తున్నాను. ఏ యాప్ అయినా తన మాటను వాల్ట్‌కి పంపాలి. అది గజిబిజిగా మార్చి తిరిగి పంపుతుంది. చదవాలంటే ఆ గజిబిజిని మళ్లీ దానికే ఇచ్చి అడగాలి. తాళంచెవి మాత్రం ఎప్పటికీ బయటికి రాదు.

అంతా విని అత్తయ్య, "అయితే నువ్వు తాళాలమ్మవన్నమాట. అందరి గుట్టూ నీ డబ్బాలో ఉంటుందా?" అంది.

లేదత్తయ్యా, అది ఏదీ దాచుకోదు, మార్చి ఎవరిది వాళ్లకే ఇచ్చేస్తుంది అన్నాను.

"దానికంటూ ఏం మిగలదా పాపం," అని నవ్వింది ఆవిడ.

నేనూ నవ్వాను. కొడుకు పట్టించుకోవడం లేదని ఆవిడ నా దగ్గర చేసే ఫిర్యాదు, ఆయన దగ్గరికి వెళ్లేసరికి "మీరు తిన్నారా అని అత్తయ్య అడిగారు" అయిపోతుంది. ఆయన విసుగు, ఆవిడ గదిలోకి "ఆఫీసులో ఒత్తిడి ఎక్కువగా ఉందట" అయి చేరుతుంది. ఎవరిది వాళ్లకు ముట్టజెప్పాక వంటింట్లో నిలబడి చూసుకుంటే, నా చేతిలో గిన్నెలు తోమే పీచు ఉంటుంది.

ఎవరికి ఏ అనుమతి ఉండాలో రాయడం ఈ పనిలో సగం. కౌంటర్లో వివరాలు రాసుకునే యాప్‌కి దాచే అనుమతే ఇచ్చాను, విప్పే అనుమతి లేదు. డాక్టర్ల యాప్‌కి విప్పే అనుమతి ఇచ్చాను. నాకు తాళంచెవులు చేయడం, పాతబడితే మార్చడం, అంతే. విప్పి చదవడం లేదు. అంతా చేసేది నువ్వు, నీకే లేకపోతే ఎలాగమ్మా అన్నాడు మేనేజర్. తాళం చేసేవాళ్లకు లోపలి సామానుతో పనేమిటి సార్ అన్నాను. నిజానికి ఇంకొకరి బాధలు చదివే ఓపిక నాకు లేదు.

పాత పద్ధతిలో మన అక్షరాలు పాడైపోయేవి. రిపోర్టుల మీద పేర్లలో ఒత్తులు ఊడిపోయి, వాటి చోట ఖాళీ డబ్బాలు వచ్చేవి. సంస్థ పెట్టిన పెద్దడాక్టరు గారి పేరే ఓసారి అలా అచ్చయింది. ఆయన దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకని హలో, ఒకటి రెండు మూడు లాంటివి పంపి చూశాక, ఒత్తులున్న వాక్యం కూడా ఒకటి పంపాలి. మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని ఏది కొట్టాలా అని ఆలోచించాను. ఉద్యోగం అన్న మాట తట్టింది. దాని చుట్టూ మిగతా మాటలు చేతులే కొట్టేశాయి. 'నాకు ఉద్యోగం మానెయ్యాలని లేదు.' ఒకసారి చూసి, ఎంటర్ నొక్కేశాను. వాల్ట్ జవాబిచ్చింది: ముందు తాళంచెవి నంబరు, వెనక ఎవరికీ ఏమీ కాని అక్షరాల తోక. అది టెస్ట్ పట్టికలో చేరింది. డాక్టర్ల యాప్ దాన్ని దానంతటదే సరిచూసుకుని ఆకుపచ్చ టిక్కు పెట్టింది. ఎవరూ చదవలేదు. ఇక దాన్ని నేను కూడా చదవలేను. డబ్బా మూత తీసి అన్నం తిన్నాను. నాకు మానాలని లేదన్న సంగతి నాకే తెలిసి, తెలిసిన క్షణంలోనే మూతపడిపోయింది. అది ఒక ముఖ్యమైన సంగతిలా కూడా అనిపించలేదు.

డెమో రోజు పొద్దున పొయ్యి మీంచి దించిన కాఫీని దించినట్టే తాగేశాను. అంత వేడిగా ఎలా తాగుతావ్ అన్నాడు మా ఆయన చెప్పులేసుకుంటూ. తర్వాత, చెప్పడం మర్చిపోకు అన్నాడు.

గదిలో మేం నలుగురం. పెద్దడాక్టరు గారు, మేనేజర్, డాక్టర్ల యాప్ చూసుకునే సహోద్యోగిని, నేను. ముందు తాళంచెవి మార్చి చూపించాను. ఇక నుంచి కొత్తవన్నీ రెండో తాళంచెవితో దాగుతాయి, మొదటిదానితో దాచినవి కూడా తెరుచుకుంటాయి అని చెప్పాను. సహోద్యోగిని తన యాప్‌లోంచి పాత వరుసొకటి విప్పింది. గోడ మీది తెరపై హలో అని వచ్చింది. మేనేజర్ తలూపాడు.

"హలో నాకెందుకమ్మా," అన్నారు పెద్దడాక్టరు గారు. "పాతవాటిలో మన అక్షరాలున్నది విప్పు. ఒత్తులు ఊడకుండా వస్తే అప్పుడు నమ్ముతా."

పట్టికలో అలాంటిది ఒక్కటే ఉంది. సహోద్యోగిని దాన్ని వెతుకుతోంది. నా ముందు వాల్ట్ అమరికల పేజీ తెరిచే ఉంది. అందులో ఒక చిన్న గడి ఉంటుంది, ఏ నంబరు తాళంచెవి నుంచి చెల్లుతుందో చెప్పేది. ఒకటి తీసి రెండు పెడితే, మొదటిదానితో దాచినవేవీ ఇక ఎవరికీ తెరుచుకోవు. చూశారా సార్, పాత తాళంచెవిని ఇలా రద్దు కూడా చేయొచ్చు అంటే అందరూ మెచ్చుకుంటారు. సాయంత్రం మానేస్తున్నానన్న మాట చెప్పి, వీడ్కోలు కేకు తిని వెళ్లిపోవచ్చు. రెండు కొట్టాను కూడా. గుండె దడదడలాడాల్సిన సమయమని తెలుసు. అది మామూలుగానే కొట్టుకుంటోంది. సేవ్ బటన్ మీద వేలు పెట్టి ఆ వాక్యాన్ని తలుచుకున్నాను. అది ఇంట్లో లేదు. నా ముఖంలో లేదు, ఉంటే ఎవరో ఒకరు చూసేవాళ్లు. ఉన్నది అక్కడొక్కచోటే. దాన్ని మార్చి ఇంకెవరికో నచ్చేలా చేసి ఇవ్వలేదు నేను. ఉన్నదున్నట్టు పెట్టింది అదొక్కటే.

గడిలో రెండు తుడిచేసి మళ్లీ ఒకటే పెట్టాను.

"వచ్చింది సార్," అని సహోద్యోగిని పైకి చదవబోయింది. 'నాకు ఉద్యోగం' వరకూ చదివి ఆగిపోయింది. గోడ మీద మిగతాది మా అందరికంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

పెద్దడాక్టరు గారు కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వెళ్లారు. "ఒత్తులన్నీ ఉన్నాయి," అన్నారు. తర్వాత మళ్లీ మొదటినుంచి చదివి, కళ్లజోడు తీసేశారు.

"టెస్ట్ డేటా సార్," అన్నాడు మేనేజర్ నవ్వుతూ. "చేతికి ఏదొస్తే అది కొడతారు. అంతే కదమ్మా?"

మంచి మనిషే. తప్పుకునే దారి చూపించాడు. సరే అనడానికి నోరు తెరుచుకుంది. ఆ దీపం వెలగబోవడం నాకు లోపలినుంచి తెలిసింది. మొదటిసారి.

"కాదు సార్. నేను రాసిందే, నిజమే రాశాను. ఇంట్లో మానెయ్యమన్నారు, సరే అన్నాను. ఇవాళ మీకు చెప్పాలి. కానీ చెప్పడం లేదు."

సహోద్యోగిని మెల్లగా చెయ్యి చాపి నీళ్ల సీసా నా వైపు జరిపింది. బల్ల మీద నా ఫోన్ వణికింది. మా ఆయన. చెప్పావా అని మెసేజ్ పెట్టాడు. ఇలాంటివాటికి జవాబులు నాకు వెంటనే తడతాయి: ఇంకా వీలు కాలేదండీ, కొన్నాళ్లు ఆగమంటున్నారు, అత్తయ్యతో నేను మాట్లాడతాను. అవన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. వాటిని అక్కడే ఉండనిచ్చి, నేను మానడం లేదు, అత్తయ్యకు మనిషిని మాట్లాడదాం, మిగతాది మీరూ నేనూ చెరి సగం అని రాసి పంపాను.

సీసా మూత తీసి తాగాను. చల్లటి నీళ్లు తగలగానే నాలుక చివర చురుక్కుమంది. పొద్దున కాలినట్టుంది.