పదకొండో దారం

మీరా హుస్సేన్ పద్నాలుగో దారాన్ని నాలుక మీద తడిపి, చెక్క రెక్క మీద సాపుగా పరిచి, దాని ముందు కొసకు గోరంత టేపు అంటించాడు. ఇంకా ఆరున్నాయి. చీరాల నూలు, వేలెడు పొడుగు. గాలి రెక్కను అంటిపెట్టుకున్నంత మేర దారాలు బుద్ధిగా పడుకుంటాయి. వదిలేసిన చోట తిరగబడతాయి. గుంటూరు పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీలో, విమానం రెక్కల నమూనాల మీదికి ఫ్యానుతో గాలి తోలి పరీక్షించే గాలి సొరంగం దగ్గర ముప్పై ఏళ్లుగా ఆయన పని ఇదే.

“ఫ్యాను ముందు కూర్చుని జీతం తీసుకున్నది మీరొక్కరేనండీ,” అంది పొద్దున భార్య సఫూరా, క్యారియర్ కడుతూ.

ఇవాళ రిటైర్మెంటు. సాయంత్రం కప్పాల్సిన శాలువా, ప్రిన్సిపాల్ గారికి మీటింగుందని పొద్దున్నే కప్పేశారు. అది స్విచ్ బోర్డు పక్కన మేకుకు వేలాడుతోంది. రేపు సొరంగాన్ని విప్పి షెడ్డులో పడేస్తారు.

లెక్చరర్ క్రిస్టీనా కంగారు అందుకే. ఆమె పీహెచ్‌డీ లెక్క ఈ దారాలతో కలవాలి. కంప్యూటర్లో గాలిని గళ్లుగా కోసింది; గళ్లు దట్టంగా ఉన్నచోటే లెక్క నిక్కచ్చిగా వస్తుంది. ప్రతి సుడినీ లెక్కిస్తే నెల పడుతుందని, పెద్దవి లెక్కించి చిన్నవి అంచనా కట్టింది. మూడు గంటల్లో తేలిపోతుంది, తప్పుగా.

ఫ్యాను తిరిగింది. పదకొండో దారం లేచి వెనక్కి తిరిగింది. తెర మీద మాత్రం గాలి రెక్క చివరిదాకా అంటుకునే ఉంది.

“ఇవాళ కలవకపోతే ఇంకెప్పుడు కలుస్తుంది హుస్సేన్ గారూ?”

ఆయన తెర మీదికి వంగాడు. గళ్లన్నీ రెక్క ముందంచున గుట్టపోసి ఉన్నాయి.

“కల్లంలో మిరపరాశికి పట్టా కప్పి, కొత్తోడు రాళ్లన్నీ గాలొచ్చే వైపే పెడతాడమ్మా. పట్టా లేచేది వెనకవైపు.” పదకొండో దారం చోట వేలు పెట్టాడు. “కొన్ని రాళ్లు ఇటు జరపండి.”

“గళ్లు పెంచితే టైము చాలదండీ.”

“పెంచమన్లేదుగా. జరపమన్నా.”

ఆమె జరిపింది. ఆయన పప్పన్నం తిని, ఫ్యాను బేరింగులకు నూనె వేశాడు. రేపు షెడ్డుకు పోయేదానికి నూనె ఎందుకని ఎవరూ అడగలేదు.

మూడున్నరకు క్రిస్టీనా కేక పెట్టింది. “తిరిగిందండీ! సరిగ్గా అక్కడే!”

“నాకు పొద్దున్నే తిరిగిందిగా,” అన్నాడు ఆయన. అయినా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

తర్వాత ఫ్యాను ఆపాడు. తాళాలు ఆమె బల్ల మీద పెట్టి, “వస్తానమ్మా” అని, శాలువా చంకలో, క్యారియర్ చేతిలో పట్టుకుని నాలుగింటి బస్సుకు వెళ్లిపోయాడు.

గాలి ఆగిన సొరంగంలో పంతొమ్మిది దారాలు రెక్క మీద వాలిపోయాయి. పదకొండోది మాత్రం వెనక్కి తిరిగే పడుకుని ఉంది.