అర్మాండ్ గడ్డిచేను

కెంట్ పేరెత్తితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఆ జూన్‌లో అర్మాండ్ గడ్డిచేనులో బాబోలింకు పిట్టలు దిగాయి. మగవాటికి నల్లటి పొట్ట, మెడ వెనక ఎండుగడ్డి రంగు, గిన్నెలో గోళీలు దొర్లించినట్టు పాట. ఇవి చెట్టెక్కవు. గడ్డి మొదళ్ళలో, నేలమీదే గూడు కడతాయి. కోత యంత్రం వచ్చిందంటే పిల్లల పని అయిపోయినట్టే.

మా వెర్మాంట్‌లో జూన్ గడ్డే ఆవులకు మంచి మేత. ముదిరితే ముట్టవు. అయినా అర్మాండ్ వంటింట్లో కూర్చుని, ఆ ముసలాయన ప్రాణం తోడేసి, కోత ఆపించాను.

"సరేలే లొరెట్టా, పిట్టలుంటే జూలై దాకా ఆగుతా. లేవని తెలిసిందా, ఆరోజే కోసేస్తా," అన్నాడు.

ఆ మాట మా పక్షుల బృందంలో అందరికీ చెప్పాను. ఫోన్లో పాట పెట్టి పిట్టల్ని రప్పించొద్దనీ చెప్పాను. పాట వింటే మగపిట్ట తన చోటుకి ఇంకోటి వచ్చిందనుకుని పోట్లాటకు ఎగిరొస్తుంది. ఫొటో బాగా పడుతుంది. పిల్లలకు మేత పెట్టే రోజుల్లో అది పాపం. బృందంలో ఫొటోల పిచ్చి ఉన్న కెంట్ కూడా బుద్ధిగా తలూపాడు.

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి ట్రాక్టరు చేనులో తిరుగుతోంది. అడ్డంగా పరుగెత్తాను.

"ఆపండి! మాటిచ్చారు కదా!"

అర్మాండ్ ముఖం కందగడ్డలా ఉంది. "ఇంకా మాటేంటి? నన్ను వెర్రివెధవని చేశారు! ఆ రాతిగోడ వెనక చూడు. ఇన్నాళ్ళూ నాకు వినిపించిన పిట్ట అదేనా?"

గోడ వెనక కెంట్. మెడలో కెమెరా, పక్కన చిన్న స్పీకరు. అందులోంచి బాబోలింకు పాట, ఆగకుండా.

"ఒక్క ఫొటో కోసమే లొరెట్టా..."

"నీ ఫొటో తగలెయ్య! సిగ్గులేదూ?" స్పీకరు లాక్కుని పేడగుంటలోకి విసిరేశాను. దాని పాట ఆగిపోయింది.

"అయ్యో, కొత్తది!" అన్నాడు పైగా.

అర్మాండ్ ఇంజను ఆపేశాడు. చేనంతా నిశ్శబ్దం. అప్పుడు కోయని సగంలోంచి పాట లేచింది. దాని వెంటే ఇంకోటి.

ఆయన గోడవైపు చూశాడు, గుంటవైపు చూశాడు. ఇంతలో ఒక ఆడపిట్ట వచ్చి కోసిన చాలులో వాలింది. లేచింది. మళ్ళీ అక్కడే వాలింది.

"దాని నోట్లో ఏంటది?"

"పురుగు. పిల్లలకి."

అర్మాండ్ టోపీ తీసి కిందకు దిగాడు. మోకాళ్ళమీద కూర్చుని, కోసిన గడ్డిని చేతులతో తొలగించాడు. కాసేపటికి ఆ చేతులు ఆగిపోయాయి.

"ఇటు రాకు లొరెట్టా," అన్నాడు. గడ్డిని మళ్ళీ అక్కడే కప్పి, "మిగతాది జూలైలోనే," అన్నాడు.

కెంట్ గోడ దాటి వచ్చాడు. "నేను అనుకోలేదు..."

"నోర్ముయ్!" అన్నాం ఇద్దరం.

పిట్ట చాలు వెంట అటూ ఇటూ తిరుగుతోంది. పురుగును మాత్రం ఇంకా వదల్లేదు.